మైలేజీ తగ్గితే ముందు ఏం చూడాలి? మీ ప్రశ్నలకు ఆటోనగర్ నుంచి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మైలేజీ గురించే. పెట్రోలు ధర చూస్తే అది సహజం. విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డుకు వచ్చేవాళ్ళు కూడా బండి దిగగానే అడిగేది ఇదే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ఇప్పటి ఇంజన్లలో కంప్యూటర్ ఉంటుంది. చిన్న లోపం వస్తే బండిని ఆపదు. పెట్రోలు కొంచెం ఎక్కువ పోసి నడిపించేస్తుంది. నడిపేవాళ్ళకు తేడా తెలియదు, బంకులో బిల్లు మాత్రం పెరుగుతుంది. అంటే మైలేజీ పడిపోయిందంటే దాని వెనక ఏదో ఒక కారణం ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా ఎన్ని సర్వీసులు చేయించినా డబ్బు దండగే.

ప్రశ్న: నేను తెనాలిలో టీచర్‌ని. మాది 2015 నాటి చిన్న పెట్రోలు కారు. లీటరుకు 18 ఇచ్చేది, ఇప్పుడు 14 దాటట్లేదు. ఎయిర్ ఫిల్టర్ మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, ఫలితం లేదు. నిరుడు ఎండాకాలం బండి హీటెక్కితే దారిలో ఒక మెకానిక్ ఏదో తీసేసి బాగుచేశాడు. అప్పటినుంచి హీట్ సూది సగం దాకా కూడా రావట్లేదు. ఇంజను చల్లగా ఉంటే మంచిదే కదా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోని ఆఖరి మాటల్లోనే జవాబు ఉంది. ఆ మెకానిక్ తీసేసింది థర్మోస్టాట్ వాల్వ్ అయి ఉంటుంది. మన ఎండలకు అది అక్కర్లేదని, అది ఉండబట్టే బండ్లు హీటెక్కుతాయని ఒక నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది. దానివల్ల మంచి ఇంజన్లు అరిగిపోవడం చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

థర్మోస్టాట్ లోపల మైనం ఉన్న చిన్న గుళిక ఉంటుంది. ఇంజనులోని నీళ్ళు సుమారు 82 నుంచి 88 డిగ్రీలకు చేరాక ఆ మైనం కరిగి వాల్వ్‌ను తోస్తుంది. అప్పటిదాకా నీళ్ళు రేడియేటర్‌కు వెళ్ళవు, ఇంజను చుట్టూనే తిరుగుతాయి. అందువల్ల ఇంజను త్వరగా వెచ్చబడుతుంది. వాల్వ్ తీసేస్తే బండి స్టార్ట్ చేసిన క్షణం నుంచి నీళ్ళు రేడియేటర్‌లోకి పోతూనే ఉంటాయి. హైవే మీద గాలి తగిలేసరికి ఇంజను 60, 70 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కంప్యూటర్ ఏమనుకుంటుంది? ఇంజను ఇంకా వెచ్చబడలేదు, పెట్రోలు ఎక్కువ పోయాలి అనుకుంటుంది. ఒక కిలోమీటరు కాదు, మీరు గుంటూరు వెళ్ళి వచ్చేదాకా అలాగే పోస్తుంది. చల్లటి ఇంజనులో ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. సరిగా కాలని పెట్రోలు పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. మీ నాలుగు కిలోమీటర్లలో చాలా భాగం పోయింది ఇక్కడే.

ఇంకో సంగతి. వాల్వ్ లేకపోతే బండి హీటెక్కదనుకోవడం కూడా తప్పే. కొన్ని ఇంజన్లలో అదే వాల్వ్ పక్కదారిని మూస్తుంది. తీసేస్తే ఆ దారి తెరిచే ఉండి, కొంత వేడి నీరు రేడియేటర్‌కు వెళ్ళకుండానే తిరిగి ఇంజనులోకి వచ్చేస్తుంది. ట్రాఫిక్‌లోనో, ఎత్తు ఎక్కేటప్పుడో మళ్ళీ హీటెక్కుతుంది.

మీరు చేయాల్సింది ఇది. స్కానర్ (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) ఉన్న మెకానిక్ దగ్గరకు వెళ్ళి, బండి ఇరవై నిమిషాలు నడిచాక కూలెంట్ ఉష్ణోగ్రత ఎంత చూపిస్తోందో అడగండి. 90కి అటూ ఇటూగా నిలకడగా ఉండాలి. బాగా తక్కువ ఉంటే, లేదా స్కానర్‌లో పీ0128 అనే కోడ్ కనిపిస్తే, థర్మోస్టాట్ లేదు, లేదంటే తెరుచుకుని ఇరుక్కుపోయింది. కొత్తది మీ బండి మోడల్‌కు చెప్పినదే వేయించండి. అది పెద్ద ఖరీదైన వస్తువు కాదు. బిగించే ముందు గిన్నెలో నీళ్ళు మరగబెట్టి అందులో వేసి చూపించమనండి, తెరుచుకుంటోందో లేదో మీ కళ్ళతోనే చూడొచ్చు. నేనైతే ప్రతి కొత్త వాల్వ్‌నూ అలా చూశాకే బిగిస్తాను.

అసలు నిరుడు ఎందుకు హీటెక్కిందో కూడా తేల్చుకోండి. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా, దానికి కరెంటు ఇచ్చే స్విచ్, రిలే అంటారు, అది బాగుందా, రేడియేటర్ మూత రబ్బరు గట్టిగా ఉందా చూడాలి. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోసే అలవాటు ఉంటే వెంటనే మానేయండి. మన బోరు నీటిలోని ఉప్పు సన్నటి గొట్టాల్లో గార కడుతుంది. కలిపి అమ్మే కూలెంటే పోయించండి. వేడి మీద ఉన్నప్పుడు మాత్రం ఆ మూత ఎవరు చెప్పినా తీయకండి.

ఇక లెక్క. డాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ అంకెను నమ్ముకోకండి. ఒకే బంకులో ట్యాంకు నింపించి, పైపు తనంతట ఆగిన దగ్గరే ఆపించండి. ఇంకొంచెం, ఇంకొంచెం అని పోయించవద్దు. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం సగం ట్యాంకు అయ్యాక అదే బంకులో మళ్ళీ అలాగే నింపించండి. 420 కిలోమీటర్లు తిరిగి 28 లీటర్లు పట్టిందంటే మీ మైలేజీ 15. ఇలా వరుసగా కొన్నిసార్లు చూసి సగటు తీస్తేనే అది నిజమైన లెక్క. నెలకు 800 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు 18కీ 14కీ మధ్య తేడా దాదాపు 13 లీటర్లు. లీటరు 110 చొప్పున చూసుకున్నా నెలకు సుమారు 1400 రూపాయలు. టీచరమ్మ జీతంలో అది చిన్న మొత్తం కాదు.

ప్రశ్న: మాది నంద్యాల. నాపరాయి దుమ్ము ఎక్కువ. వారానికొకసారి ఎయిర్ ఫిల్టర్ తీసి కంప్రెసర్ గాలితో ఊదిస్తున్నాను. ఫిల్టర్ శుభ్రంగా ఉంటే మైలేజీ పెరుగుతుందని అందరూ అంటారు. నాకేమీ తేడా కనిపించట్లేదు.

జవాబు: కనిపించకపోవడమే న్యాయం అన్నయ్యా. ఆ మాట కార్బురేటర్ బండ్ల నాటిది. నేను పని నేర్చుకున్నది అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని బండ్ల మీద. వాటిలో ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గేది, పెట్రోలు మాత్రం అలాగే వచ్చేది. పొగ గొట్టం నల్లగా మసి పట్టేది, మైలేజీ పడిపోయేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజను లోపలికి వచ్చిన గాలిని కొలిచి, దానికి తగ్గట్టే పెట్రోలు పోస్తుంది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి దాని లెక్క. గాలి తగ్గితే పెట్రోలూ తగ్గిస్తుంది. అందువల్ల మురికి ఫిల్టర్‌తో ముందు తగ్గేది పికప్. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల వాళ్ళు 2009లో పరీక్షించి చెప్పిందీ ఇదే.

అయినా ఫిల్టర్ ముఖ్యం కాదని అనను. దుమ్మును ఆపి సిలిండర్ గోడలను కాపాడేది అదే. ఒకసారి సిలిండర్ అరిగితే కంప్రెషన్, అంటే లోపలి గాలిని నొక్కే ఒత్తిడి, పోతుంది, దాంతో మైలేజీ పోతుంది, ఆయిల్ కూడా తాగుతుంది. కంప్రెసర్ గాలిని దగ్గర పెట్టి గట్టిగా కొడితే కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడతాయి. ఆ తర్వాత దుమ్ము నేరుగా ఇంజనులోకే. వారం వారం ఊదించడం మానేయండి. సర్వీసు పుస్తకంలో దుమ్ము ప్రాంతాలకు విడిగా గడువు రాసి ఉంటుంది. ఆ గడువులో సగం కాగానే ఒకసారి తీసి, నేల మీద మెల్లగా తట్టి, వెలుగుకు ఎదురుగా పెట్టి చూడండి. గడువుకు మార్చేయండి. ఫిల్టర్ డబ్బా అంచు రబ్బరు సరిగా కూర్చుందా, క్లిప్పులన్నీ పడ్డాయా అన్నది ప్రతిసారీ చూసుకోండి. ఒక్క క్లిప్పు వదులైతే కొత్త ఫిల్టర్ వేసీ ఉపయోగం లేదు.

ప్రశ్న: ఖమ్మంలో ఎండలు మీకు తెలుసు. మా కారు పుస్తకంలో 0డబ్ల్యూ-20 ఆయిల్ వాడమని ఉంది. ఇది నీళ్ళలా ఉంది, మన వేడికి ఆగదు అని మా మెకానిక్ 20డబ్ల్యూ-50 పోశాడు. అప్పటినుంచి బండి బరువుగా లాగుతున్నట్టుంది.

జవాబు: మీకు అనిపించింది నిజమే. 20డబ్ల్యూ-50 చెడ్డ ఆయిల్ కాదు. పాత అంబాసిడర్‌కు, సందులు ఎక్కువ ఉన్న పాత ఇంజన్లకు అది సరిపోయేది. మీ ఇంజను అలా కట్టింది కాదు.

మొదటి అంకె, డబ్ల్యూ అక్షరం చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతాయి. రెండో అంకె 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కదనం ఉంటుందో చెబుతుంది. ఖమ్మంలో బయట 45 డిగ్రీలున్నా, అరకులో 15 ఉన్నా, నడుస్తున్న ఇంజను లోపలి వేడిని నిర్ణయించేది థర్మోస్టాటే. లోపలి వేడిలో పెద్ద తేడా రాదు. కాబట్టి మన ఎండ అని చెప్పి చిక్కటి ఆయిల్ పోయడంలో అర్థం లేదు. ఇప్పటి ఇంజన్లలో బేరింగుల సందులు సన్నగా ఉంటాయి, వాల్వ్ టైమింగ్‌ను మార్చే భాగం ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. చిక్కటి ఆయిల్ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనే ఇంజను ఎక్కువ అరిగేది. తయారుచేసినవాళ్ళు చెప్పిన గ్రేడ్ వాడితే మైలేజీలో 1 నుంచి 2 శాతం తేడా వస్తుంది. మీ బండిలో గ్రేడ్ ఇంత దూరం జరిగింది కాబట్టి అంతకంటే ఎక్కువే పోతుండవచ్చు.

ఆ ఆయిల్ తీయించి, ఫిల్టర్‌తో సహా మార్పించండి. పోశాక సమతలంగా ఉన్న చోట బండి ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూడండి. రెండు గుర్తుల మధ్య ఉండాలి. ఎక్కువ ఉంటే మంచిదే అనుకుంటారు చాలామంది. ఎక్కువైతే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌లో మునిగి తిరుగుతూ నురగ కొడుతుంది. ఆ నురగ లూబ్రికేషన్‌కు పనికిరాదు, పైగా ఇంజనుకు అనవసరమైన బరువు.

అయితే ఒక జాగ్రత్త. ఈ జవాబు చదివి లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన పాత బండిలో ఎవరూ 0డబ్ల్యూ-20 పోయకండి. ఏ బండికైనా దాని పుస్తకంలో ఉన్నదే ప్రమాణం.

ప్రశ్న: కరీంనగర్ నుంచి. నాది 2012 మోడల్ పెట్రోలు కారు. 20 ఇచ్చే బండి ఇప్పుడు 15 ఇస్తోంది. ఇదంతా 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వల్లే అంటున్నారు. నిజమేనా?

జవాబు: కొంత నిజం. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. కాబట్టి అది కలిసిన కొద్దీ లీటరుకు వచ్చే దూరం తగ్గడం సహజం. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ఇథనాల్ నివేదికలోనే ఈ అంచనా ఉంది. ఈ20 పోస్తే, మామూలు పెట్రోలుకు తయారై ఈ10కు (10 శాతం ఇథనాల్) సరిచేసిన కార్లలో 6 నుంచి 7 శాతం, ఈ10కు తయారై ఈ20కి సరిచేసిన కార్లలో 1 నుంచి 2 శాతం మైలేజీ తగ్గుతుందని రాశారు. మీ 2012 బండిని మొదటి వరుసలోనే లెక్కేద్దాం. 20లో 7 శాతం అంటే 1.4. అంటే 18.6 రావాలి. మీకు 15 వస్తోంది. మిగిలిన మూడున్నర కిలోమీటర్లు ఇంకెక్కడో పోతున్నాయి. ఇథనాల్ మీద నెపం వేసి ఊరుకుంటే ఆ లోపం అలాగే ఉండి పెరుగుతుంది.

ముందు టైర్లలో గాలి, తర్వాత బ్రేకులు, తర్వాత స్పార్క్ ప్లగ్గులు చూపించండి. వీటి గురించి కింద వేరే జవాబుల్లో రాశాను. మీది పాత బండి కాబట్టి ఇంజను దగ్గరి పెట్రోలు రబ్బరు గొట్టాలను కూడా ప్రతి సర్వీసులో వేళ్ళతో వంచి చూడమనండి. ఇథనాల్ పడని పాత రబ్బరు ఉబ్బుతుంది, పగులుతుంది. అక్కడ తడి కనిపించినా, పెట్రోలు వాసన వచ్చినా ఆ రోజే మార్చాలి. అది మైలేజీ సమస్య కాదు, నిప్పు ప్రమాదం. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచవద్దు, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇక ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు పోస్తే మైలేజీ పెరుగుతుందా అని కూడా అడిగారు. పుస్తకంలో అడగని బండికి దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు.

ప్రశ్న: తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాను. కొండ మీంచి దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే డీజిలు, పెట్రోలు మిగులుతాయని మా స్టాండులో పెద్దవాళ్ళు చెబుతారు. అలా చేయొచ్చా అన్నా?

జవాబు: వద్దు తమ్ముడూ. దయచేసి వద్దు. పెద్దవాళ్ళు కార్బురేటర్ బండ్లు నడిపిన అనుభవంతో చెబుతున్నారు. ఆ బండ్లలో గేరులో దిగినా ఇంజను పెట్రోలు లాగుతూనే ఉండేది. ఇంజెక్షన్ బండిలో గేరు వేసి ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. అది చూసి కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది. ఆ సమయంలో ఒక్క చుక్క కూడా ఖర్చు కాదు. న్యూట్రల్ వేశావంటే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి ఐడ్లింగ్ పెట్రోలు పోయాల్సిందే. అంటే న్యూట్రల్‌లోనే ఎక్కువ ఖర్చు.

డబ్బు సంగతి అలా ఉంచు. ఘాట్‌లో న్యూట్రల్ అంటే బండి బరువంతా బ్రేకుల మీదే. ప్యాడ్లు కాలి, బ్రేకు ఆయిల్ మరిగి, మలుపు దగ్గర పెడల్ కిందకు దిగిపోతే లోపల ఉన్న యాత్రికులు ఏమవుతారు? తాళం తిప్పి ఇంజనే ఆపేస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకు వాక్యూం సాయం కూడా పోతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడతావో దిగేటప్పుడూ అదే గేరు. ఊళ్ళో సిగ్నల్ దూరంగా ఎర్రగా కనిపించినప్పుడు కూడా అంతే. గేరులోనే ఉంచి కాలు తీసేయ్.

ప్రశ్న: కాకినాడలో ఉంటాం. రిటైరయ్యాను. మా అబ్బాయి కారు ఇక్కడే ఉంది, నెలకు ఒకటి రెండుసార్లు బయటకు తీస్తాను. తీసినప్పుడల్లా బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు నడుస్తుంది. మైలేజీ 11 వచ్చింది. ఇంజను పాడైందా?

జవాబు: మాస్టారూ, ఇంజను జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మీ లక్షణాలకు మొదట అనుమానించాల్సింది బ్రేకులు. సముద్రపు గాలి, కదలని బండి, ఈ రెండూ కలిస్తే ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే బ్రేకు కాలిపర్ జరిగే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. మీరు పెడల్ వదిలేసినా ప్యాడ్ డిస్క్‌ను పట్టుకునే ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వేసి నెలల తరబడి వదిలేస్తే వెనక డ్రమ్ములో లైనర్లు కూడా అలాగే అంటుకుంటాయి.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఐదారు కిలోమీటర్లు ఖాళీ రోడ్డు మీద, బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి ఆపండి. ఒక్కొక్క చక్రం దగ్గర అరచేయి పెట్టి వేడి చూడండి. ముట్టుకోవద్దు, దగ్గర పెడితే చాలు. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడే పట్టేసింది. మెకానిక్ జాకీ మీద లేపి చేత్తో తిప్పితే ఆ చక్రం తిరగదు. పిన్నులు తీసి శుభ్రం చేసి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజే పెట్టించండి. మామూలు గ్రీజు పెడితే లోపలి రబ్బర్లు ఉబ్బి మళ్ళీ పట్టేస్తాయి. ఇంటి దగ్గర చదునుగా ఉంటే హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో ఉంచి, చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టండి.

టైర్లలో గాలి రెండో సంగతి. నిలబడ్డ బండికి గాలి మెల్లగా తగ్గిపోతుంది. డ్రైవర్ తలుపు తీస్తే లోపలి స్తంభం మీద ఎంత గాలి కొట్టాలో చెప్పే స్టిక్కర్ ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఉంటుంది, మీ స్టిక్కర్ మీద ఎంతుంటే అంత. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. దూరం తిరిగి వేడెక్కాక కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, తగ్గించి పంపిస్తారు. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితం, అడిగి కొట్టించుకోండి. నాలుగు టైర్లలో ఒక్కొక్క పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. చిన్న అంకెగా కనిపిస్తుంది గానీ నెలల తరబడి చూడని టైర్లలో పది, పన్నెండు తక్కువ ఉండటం నేను మామూలుగా చూస్తుంటాను. టైరు అంచులు కూడా త్వరగా అరిగిపోతాయి. స్టెప్నీకీ కొట్టించడం మరవకండి.

వారానికొకసారి బండిని తీసి, ఇంజను పూర్తిగా వెచ్చబడేదాకా ఒక అరగంట తిప్పండి. ఇంట్లోనే స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచితే సరిపోతుందనుకోకండి. దానివల్ల బ్యాటరీ నిండదు, బ్రేకులు కదలవు, పెట్రోలు మాత్రం కాలుతుంది.

ప్రశ్న: వరంగల్‌లో చదువుకుంటున్నాను. సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు అప్పుడప్పుడు వెలుగుతుంది. కొంచెం జర్క్ ఇస్తుంది. అది మామూలే, పట్టించుకోవద్దని అమ్మినాయన చెప్పాడు. మైలేజీ 12.

జవాబు: అది మామూలు కాదు బాబూ. ఆ లైటు వెలిగిందంటే కంప్యూటర్ ఒక కోడ్ దాచిపెట్టింది. ముందు స్కానర్ పెట్టించి ఆ కోడ్ కాగితం మీద రాయించుకో. చెరిపేసి పంపిస్తే ఒప్పుకోవద్దు.

నువ్వు చెప్పిన జర్క్‌ను మేం మిస్సింగ్ అంటాం. ఒక సిలిండర్‌లో పెట్రోలు కాలకుండా బయటకు పోతోంది. కాలని పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా సైలెన్సర్‌లోకి వెళ్తుంది. అక్కడున్న ఆక్సిజన్ సెన్సార్ అది చూసి, పెట్రోలు తక్కువైందని కంప్యూటర్‌కు చెబుతుంది. అది ఇంకా పోస్తుంది. మైలేజీ ఇలా రెండు వైపులా పోతుంది. ఆ పెట్రోలు, పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లో కాలి దాన్ని కూడా కరిగించేస్తుంది. అది మార్చాలంటే ఖర్చు చాలా ఎక్కువ, అందుకే తొందరపడమంటున్నాను. లైటు వెలగడం కాకుండా మిణుకుమిణుకుమంటే బండి వెంటనే పక్కకు ఆపెయ్.

ప్లగ్గులు విప్పి వరుసగా పెట్టి చూడమను. కొసలు లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. జిడ్డుగా ఉంటే ఆయిల్ వస్తోంది. మామూలు ప్లగ్గులు 30 నుంచి 40 వేల కిలోమీటర్లకు మార్చాలి, ఇరిడియం ప్లగ్గులు లక్ష దాకా వస్తాయి. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఎప్పుడు మార్చారో తెలియదు, మార్చేయడమే మంచిది. ఇరిడియం కొసను ఇనుప బ్రష్‌తో గీకనివ్వకు. సెన్సార్ వైర్లు కూడా చూడమను. బండి చాలాకాలం ఎక్కడైనా నిలబడి ఉంటే ఎలుకలు కొరికి ఉండొచ్చు, ఆక్సిజన్ సెన్సార్ వైరు తెగిందంటే మైలేజీ ఒక్కసారిగా కూలిపోతుంది. అలాంటప్పుడు సెన్సార్ కొనకుండా వైరు అతికిస్తేనే సరిపోతుంది.

ప్రశ్న: కొత్త కారు కొన్నాం. కాగితాల్లో 24 అన్నారు, మాకు హైదరాబాద్‌లో 16 వస్తోంది. మోసమా?

జవాబు: మోసం కాదు. ఆ అంకె రోడ్డు మీద తీసినది కాదు. పరీక్షా కేంద్రంలో రోలర్ల మీద, ఏసీ ఆపి, ఒక పద్ధతి ప్రకారం నడిపి తీసినది. అందులో వేగం 90 దాటదు. అమీర్‌పేట సిగ్నళ్ళు అందులో లేవు. ఒక కారునూ ఇంకో కారునూ పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. మీ బండికి ఏదైనా తేడా వచ్చిందా అని తెలుసుకోవాలంటే మీ పాత లెక్కతోనే పోల్చుకోవాలి. కొత్త బండి మొదటి నెలల్లోనే ట్యాంకు లెక్క రాసి పెట్టుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా వెళ్ళొచ్చు గానీ, 80, 90 మధ్య నిలకడగా వెళ్తే ఎంత మిగులుతుందో ఒక్కసారి చూసుకోండి. గాలి అడ్డగింపు వేగంతో పాటు చాలా తొందరగా పెరుగుతుంది.

ప్రశ్న: చికాగోలో ఉంటున్నాం. చలికాలం రాగానే కారు మైలేజీ బాగా పడిపోతోంది. పొద్దున్నే పావుగంట స్టార్ట్ చేసి ఉంచాకే బయల్దేరుతున్నాను.

జవాబు: చలికి తగ్గడం సహజమేనమ్మా. బయట మైనస్ 7 డిగ్రీలున్నప్పుడు ఊళ్ళో తిరిగే పెట్రోలు కారు మైలేజీ, 25 డిగ్రీలప్పటికంటే సుమారు 15 శాతం తగ్గుతుందని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. దగ్గరి ప్రయాణాలైతే ఇంకా ఎక్కువ. పావుగంట నిలబెట్టడం మాత్రం అక్కర్లేదు. అద్దాల మీద మంచు పోయి దారి కనిపించాక బయల్దేరి, మొదటి కొన్ని నిమిషాలు మెల్లగా నడపండి, నడిస్తేనే ఇంజను త్వరగా వెచ్చబడుతుంది. చలికి టైర్లలో గాలి కూడా తగ్గుతుంది, ప్రతి ఐదున్నర డిగ్రీలకు దాదాపు ఒక పీఎస్‌ఐ. నెలకొకసారి చూసుకోండి.

ప్రశ్న: పెట్రోలు గొట్టానికి అయస్కాంతం బిగిస్తే 20 శాతం మైలేజీ పెరుగుతుందని అనంతపురంలో ఒకాయన అమ్ముతున్నాడు. కొనమంటారా?

జవాబు: కొనవద్దు. పెట్రోలును అయస్కాంతం ఏమీ చేయదు. ఆ డబ్బుతో వీల్ అలైన్‌మెంట్ చేయించండి. పైన ఖాళీగా మోస్తున్న క్యారియర్ ఉంటే విప్పి ఇంట్లో పెట్టండి.

ప్రశ్న: గుంటూరులో మిర్చి వ్యాపారం. బీఎస్‌-6 డీజిల్ బండి. ఇల్లు, యార్డు, మళ్ళీ ఇల్లు, రోజూ తిరిగేది అంతే. మైలేజీ తగ్గింది, ఆయిల్ మట్టం పెరిగింది. ఆయిల్ తగ్గడం చూశాను గానీ పెరగడం చూడలేదు.

జవాబు: ఆ పెరిగింది ఆయిల్ కాదండీ, డీజిల్. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్‌-6 అనే పొగ ప్రమాణంతో వచ్చిన డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది నిండితే కంప్యూటర్ అదనంగా డీజిల్ పోసి సైలెన్సర్ లోపల వేడిని సుమారు 600 డిగ్రీలకు తీసుకెళ్ళి ఆ మసిని కాల్చేస్తుంది. దానికి కొంత సమయం కావాలి. మీరు మూడు కిలోమీటర్లు వెళ్ళి ఆపేస్తే మధ్యలో ఆగిపోతుంది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ మొదలు. ప్రతిసారీ డీజిల్ వృథా, అందులో కొంత జారి ఆయిల్‌లో కలుస్తుంది. పలచబడ్డ ఆ ఆయిల్‌తో టర్బో బేరింగు దెబ్బతింటుంది కాబట్టి ముందు ఆయిల్, ఫిల్టర్ మార్పించండి, ఇంకా కొద్ది వేలే తిరిగిందని చూడకండి.

తర్వాత వారానికొకసారి చిలకలూరిపేట వైపు హైవే ఎక్కి, ఇంజను నిమిషానికి 2000 చుట్లు దాటి ఉండేలా అరగంట ఒకే వేగంతో నడపండి. ఇంటికి వచ్చాక ఐడ్లింగ్ కొంచెం ఎక్కువగా ఉండి, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంటే మసి ఇంకా కాలుతోందని అర్థం. అది తగ్గేదాకా ఆపకండి. డీపీఎఫ్‌ను కోసి తీసేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మన యార్డులో పనిచేసే హమాలీలు ఆ పొగ పీల్చాలి, మీ బండి పొల్యూషన్ పరీక్షలో కూడా నిలవకపోవచ్చు. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్ళు చేరితే వదిలే ప్లగ్గు ఉంటుంది, ప్రతి సర్వీసులో దాన్ని విప్పి వదిలించండి. ఆయిల్ కొనేటప్పుడు డీపీఎఫ్ బండ్లకు బూడిద తక్కువ వచ్చే రకమే కావాలి. మీ పుస్తకంలో దాని గుర్తు రాసి ఉంటుంది, చాలా బండ్లకు అది సీ3. డబ్బా వెనక ఆ గుర్తు కనిపించకపోతే ఆ ఆయిల్ తీసుకోకండి.